మరుగుపడిన మార్కులు – తొలినాటి బుల్లితెర ప్రకటనలు

వస్తువు వేరు, వస్తువు పేరు వేరు. ఒక సబ్బు అరగిపోయినచో మరియొకటి కొందుము. కాని దాని పేరును పాటగా విన్నవారికి ఆ పేరు సబ్బుతోపాటు కరగిపోదు. నలువది యేండ్ల క్రిందటి టెలివిజను ప్రకటనలను గూర్చి మన ఇండ్లలోని పెద్దలను అడిగినచో, వారు తడవుకొనకయే కూనిరాగము తీయుదురు. పాట నిలిచినది; ఆ పాట కొనుమని చెప్పిన సరకు మాత్రము పెక్కు పట్టుల లేదు. ఇట్లేల జరిగినదో తెలిసికొనుట వట్టి వినోదము గాదు. మన దేశపు వాణిజ్య చరిత్రలో అదియొక పాఠము.

భారతదేశమున టెలివిజను ప్రసారములు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగరూపమున మొదలైనవి. చెన్నపట్టణమునకు అవి 1975లోను, హైదరాబాదునకు 1977లోను వచ్చినవి. దూరదర్శనునందు వ్యాపార ప్రకటనలకు 1976 జనవరి 1 నుండి తావు దొరకినది. అంతకు ముందే, 1967లో, ఆకాశవాణివారి వివిధభారతి ప్రకటనలను స్వీకరింప నారంభించెను. సినిమాహాళ్ళలోను విరామ సమయమున చిన్న చిన్న ప్రకటన చిత్రములు చూపుచుండిరి. రేడియోనుండి రాగమును, సినిమానుండి బొమ్మను గైకొని బుల్లితెర ప్రకటన పుట్టినదని చెప్పవచ్చును.

ఆ ప్రకటనలు జనుల మనస్సులలో అంత గాఢముగా నాటుకొనుటకు కారణములు మూడు. మొదటిది, నాడు చూడదగిన ప్రసారము ఒక్కటియే. నచ్చని ప్రకటన వచ్చినచో వేరొక దానికి మరలుటకు వీలు లేదు. రెండవది, ప్రకటనకు దొరకు వ్యవధి కొన్ని క్షణములు మాత్రమే. అంతలో సరకు పేరు వినువారి చెవిని పట్టవలెను గనుక, పేరునే పల్లవిగా జేసి పలుమారు పాడించిరి. మూడవది, టెలివిజను గల ఇండ్లు తక్కువ. శుక్రవారము సాయంకాలము చెన్నపట్టణమున ‘ఒలియుం ఒలియుం’ అను తమిళ సినిమా పాటల కార్యక్రమమునకు వాడలోని పిల్లలందరు ఒక్క ఇంటి నట్టింట చేరుచుండిరి. కలిసి విన్న పాటను మరునాడు బడిలో కలిసియే పాడిరి.

మనవంటి తెలుగు కుటుంబములకు ఇందు మరియొక విశేషము గలదు. ఇంట తెలుగు, వీథిలో తమిళము. 1982 ఆగస్టు 15 నుండి జాతీయ కార్యక్రమము రంగులలో ఢిల్లీనుండి రాసాగిన పిమ్మట రాత్రివేళ హిందీ. సర్ఫు పొడి ప్రకటనలోని లలితాజీ పలుకులలో సగము తెలియకున్నను, చౌక సరకునకును మంచి సరకునకును గల భేదమును ఆమె వాదించుచున్నదని పిల్లలు గ్రహించిరి. పాఠ్యపుస్తకము తెరువకయే పెక్కుమంది నేర్చుకొన్న తొలి హిందీ మాటలు ఈ ప్రకటనలలోనివే.

ఇక మాయమైన పేర్ల సంగతి. అవి అన్నియు ఒకే కారణమున పోలేదు.

కొన్నింటిని కాలగతి త్రోసివేసినది. సాలిడేర్, డయనోరా అను టెలివిజను పెట్టెలు చెన్నపట్టణమున తయారైనవే. చెక్కపెట్టె, దానికి ప్రక్కలకు జరపు తలుపులు, క్రింద నాలుగు కాళ్ళు – అదియొక గృహాలంకారము. 1991 తరువాత మారిన ఆర్థిక విధానముతో విదేశీ సంస్థలు పెద్ద పెట్టుబడులతో రాగా, ఈ పేర్లు క్రమముగా వెనుకబడి అంగళ్ళలో కానరాకుండ పోయినవి.

కొన్నింటిని కొన్నవారే ప్రక్కన బెట్టిరి. పార్లే సంస్థవారి నారింజ పానీయము గోల్డ్ స్పాట్ ఇందులకు నిదర్శనము. 1993లో ఆ సంస్థ తన పానీయముల పేర్లను కోకాకోలా సంస్థకు విక్రయించెను. థమ్సప్, లిమ్కా నిలిచినవి. గోల్డ్ స్పాట్ మాత్రము ఫాంటాకు చోటిచ్చి తొలగిపోయినది. అది అమ్ముడుపోక చచ్చిన పేరు గాదు, అమ్మబడి చచ్చిన పేరు.

కొన్ని పేరు మార్చుకొన్నవి. రేడియో సిలోను పాటల కార్యక్రమముతో దేశమంతట మ్రోగిన బినాకా దంతలేపనము సిబాకాగా మారి, 1994లో కోల్గేటువారి చేతికి వచ్చినది. దాని పెట్టెలో దొరకు చిన్న ప్లాస్టిక్ బొమ్మలను దాచుకొన్నవారు నేటికిని గలరు.

కొన్నింటిని నష్టములు కూల్చినవి. 1942లో హైదరాబాదున స్థాపింపబడిన ఆల్విన్ సంస్థ రిఫ్రిజిరేటర్లను, బస్సు బాడీలను, చేతి గడియారములను తయారుచేసెను. 1990 తరువాతి సంవత్సరములలో అది భాగములుగా చేతులు మారగా, రిఫ్రిజిరేటర్ల శాఖ వోల్టాస్‌కు చేరినది. నేడు ఆ పేరు హైదరాబాదులో ఆల్విన్ కాలనీగా, ఆల్విన్ చౌరస్తాగా మిగిలి యున్నది. బస్సు దిగువారిలో ఆ పేరెట్లు వచ్చెనో యెరిగినవారు తక్కువ.

చచ్చిన పేరు మరల లేచుటయు గలదు. కాంపా కోలా పేరును రిలయన్స్ సంస్థ 2022లో కొని, 2023లో ఆ పానీయమును తిరిగి అంగళ్ళకు తెచ్చినది. కర్మాగారము లేకున్నను, సీసా లేకున్నను, జనుల జ్ఞాపకమునకే వెల గట్టబడినదన్న మాట.

విద్యార్థులారా! మన కర్తవ్యమిందే యున్నది. సంస్థ మూతపడినప్పుడు దాని ప్రకటనల రీళ్ళను భద్రపరచువారు అరుదు. ధర ఎంత, ఏ కొట్టులో దొరకెను, ఆ పాట ఏ భాషలో వినిరి, ఆ సరకు కొనగల స్తోమత ఇంట నుండెనా, లేక పాట మాత్రమే దక్కెనా – ఇట్టివి ఏ కంపెనీ లెక్కలలోను దొరకవు. అవి మీ తాతయ్య, అమ్మమ్మల నోటనే యున్నవి. ఈ సెలవులలో ఒక నోటుపుస్తకము తీసికొని వారి చెంత కూర్చుండుడు. సరకు పేరు, ధర, కొట్టు, పాట – నాలుగు గడులు గీసికొనిన చాలును. వారు చెప్పినది చెప్పినట్లు తెలుగున వ్రాయుడు. ఊరు తమిళమైనను, ప్రకటన హిందీయైనను, ఆ జ్ఞాపకము మాత్రము మన ఇంటి భాషలోనిది. అడుగువారు లేనిచో అదియు గోల్డ్ స్పాట్ సీసావలెనే చడిచప్పుడు లేక కనుమరుగగును.