పసికందుకు మలేరియా వస్తుందా?

“దోమే కుట్టలేదు, నాలుగు రోజుల బిడ్డకు మలేరియా ఏమిటి?” అని అడుగుతుంటారు. తల్లి రక్తంలోని మలేరియా క్రిములు మాయను దాటి కడుపులోని బిడ్డకు చేరవచ్చు, కాన్పు సమయంలోనూ సోకవచ్చు. తల్లి నుండి వచ్చే రోగనిరోధక శక్తి చాలామంది బిడ్డలను కాపాడుతుంది గాని, అందరినీ కాదు. పాడేరు, అరకు వంటి ఏజెన్సీ ప్రాంతాలలో గర్భిణికి చలిజ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించమనేది ఇందుకే.

పసిబిడ్డలో పెద్దవాళ్ళలా చలి, వణుకు ఉండకపోవచ్చు. జ్వరం, పాలు సరిగా తాగకపోవడం, పాలిపోవడం, కామెర్లు, ఒక్కోసారి కడుపులో బల్ల కనిపిస్తాయి. సాధారణంగా పుట్టిన 10 నుండి 30 రోజుల మధ్య బయటపడతాయి, కొందరిలో మొదటి వారంలోనే. రక్తంలో వేరే ఇన్ఫెక్షన్ ఉన్నా ఇవే లక్షణాలు కాబట్టి, పైకి చూసి చెప్పడం డాక్టరుకూ కష్టమే. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లికి మలేరియా వచ్చి ఉంటే, అది తగ్గిపోయినా సరే, ఆ సంగతి ముందే చెప్పండి. బిడ్డ మడమ నుండి తీసిన చుక్క రక్తంతో పరీక్ష చేస్తారు.

తల్లికి జ్వరమని పాలు మాన్పించే పెద్దలు ఇంకా ఉన్నారు. పాల ద్వారా మలేరియా సోకదు, పాలు ఇవ్వాలి. మందు మాత్రం బిడ్డ బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. ఇంట్లో ఉన్న మాత్ర విరిచి వేయకండి. 2 నుండి 5 కిలోల బిడ్డల కోసమే తయారుచేసిన మందుకు 2025 జులైలో స్విట్జర్లాండ్‌లో ఆమోదం లభించింది.