డీజే నేర్పు

మన పెండ్లి ఊరేగింపులలో 'డీజే' యనగా గుండెలదరజేయు శబ్దపు పెట్టెలని యర్థము స్థిరపడినది. నిజమున కాపేరు మనిషిది. రికార్డుల నేరి, నర్తించువారికొరకు తెంపులేకుండ వినిపించు 'డిస్క్ జాకీ'ది.

1977లో అమెరికాలోని షికాగో నగరమున 'వేర్‌హౌస్' అను నృత్యశాల వెలసెను. అందు ఫ్రాంకీ నకల్స్ అనునతడు రికార్డులు వాయించెడివాడు. 'హౌస్' సంగీతమునకు ఆ శాలనుండియే పేరు వచ్చినదందురు. ఆనాటి సాధనములు రెండు రికార్డు ప్లేయర్లు, వాని ధ్వనులను కలుపు పెట్టె, చెవికి హెడ్‌ఫోను. ఒక పాట సభకు వినబడుచుండగా, రెండవదానిని తానొక్కడే వినుచు, దాని వేగమును రవంత హెచ్చించియో తగ్గించియో రెండింటి తాళము నేకము చేయవలెను. పిమ్మట మెల్లగా మొదటిదాని నణచి రెండవదాని నెత్తవలెను. తాళము తప్పెనా, పాదములు తొట్రుపడును. మృదంగము నేర్చు పిల్లలకు ఈ కష్టము తెలియును.

నేడు ఆ లెక్కను యంత్రమే మీట నొక్కగనే చేసిపెట్టుచున్నది. ఈ సంగీతమిప్పుడు వేలమంది చేరు మైదానముల కెక్కినది. దీపములకు, బాణసంచాకు పొసగునట్లు కొందరు పాటల వరుసను ముందే కట్టుకొని వచ్చుచున్నారు. అట్టివారిని నేర్పరులనుటకు నాకు మనసొప్పదు. మంచి డీజే సభను కనిపెట్టుచుండును. జనులు అలసినచో నెమ్మదింపజేయును. అంచున నిలిచినవారు కదలినచో ఆ జాడనే పట్టుకొనును. ఎరిగిన పాట ప్రక్కన ఎరుగనిదానిని నిలిపి చవి చూపును. అందులకు ఏండ్లతరబడి వినియుండవలెను. దానికి మీట లేదు. నకల్స్ టేపులను కత్తిరించి యతికి, జనులు మెచ్చిన భాగమును పొడిగించి వినిపించెడివాడు.