మైగ్రేన్ ఉంటే పైలట్ కాలేరా? వైద్య పరీక్షలో అసలు చూసేది ఏమిటి?

చిన్న విమానంలో సాధారణంగా పైలట్ ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరి చూపు మసకబారితే నియంత్రణ అందుకోవడానికి పక్కన మరొకరు ఉండరు. ప్రైవేట్ పైలట్ వైద్య పరీక్షలో తలనొప్పి గురించి నిశితంగా ప్రశ్నించడానికి కారణం ఇదే.

పార్శ్వపు తలనొప్పిగా వ్యవహరించే మైగ్రేన్, చికిత్స తీసుకోకపోతే 4 నుంచి 72 గంటల వరకు వేధిస్తుంది. అయితే విమానయాన వైద్యులను ఎక్కువగా కలవరపెట్టేది నొప్పి కాదు. నొప్పికి ముందు కొందరిలో కనిపించే ‘ఆరా’. చూపు మధ్యలో మిణుకుమనే చిన్న చుక్కగా మొదలై, వంకర గీతలుగా అంచులవైపు విస్తరిస్తుంది. అది కమ్మినంత మేర ఏమీ కనిపించదు. 1941లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ తనకు వచ్చిన ఆరాను స్వయంగా గీసుకుని, మెదడు పొరపై ఆ కల్లోలం నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని అంచనా వేశారు. బ్రెజిల్‌కు చెందిన అరిస్టిడెస్ లియావో 1944లో కుందేళ్ల మెదడులో అలాంటి తరంగాన్నే వర్ణించారు. ఈ దశ 5 నుంచి 60 నిమిషాలు ఉంటుంది. ఇంట్లో ఉన్నవారు కళ్లు మూసుకుని పడుకుంటే సరిపోతుంది. రన్‌వే కోసం వెతుకుతున్న పైలట్‌కు ఆ వెసులుబాటు లేదు.

కాబట్టి ‘మైగ్రేన్’ అన్న పేరు ఒక్కటే అర్హతను తేల్చదు. తెలుగువారు సహా ఎందరో భారతీయులు శిక్షణకు వెళ్లే అమెరికాలో ఇందుకు స్పష్టమైన కొలమానాలున్నాయి. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ మార్గదర్శకాల ప్రకారం, సాధారణ మైగ్రేన్ నెలకు ఒకసారికి మించకుండా, గత ఏడాదిలో ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం రాకుండా ఉంటే పరీక్షించే వైద్యుడే ధ్రువపత్రం ఇవ్వవచ్చు. స్పృహ తప్పడం, కళ్లు తిరగడం, నాడీ సంబంధ లక్షణాలు ఉన్నా, చూపును దెబ్బతీసే రకమైనా నిర్ణయం ఎఫ్‌ఏఏకే చేరుతుంది.

మందుల విషయం మరింత సున్నితం. నొప్పి వచ్చాక వేసుకునే సుమాట్రిప్టాన్ వంటి ట్రిప్టాన్‌ల తర్వాత 24 గంటలు విమానం నడపరాదు. వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్ వాడినా కొంత సమయం ఆగాలి. నివారణకు బీటా బ్లాకర్లు, కాల్షియం చానల్ బ్లాకర్లు సమ్మతమే. మైగ్రేన్‌కు వైద్యులు తరచూ రాసే టోపిరమేట్‌కు మాత్రం అనుమతి లేదు. అంటే జబ్బు అదుపులో ఉన్నా, అదుపు చేసిన మందే అడ్డు కావచ్చు.

ఇక దాచడం సంగతి. తరచుగా లేదా తీవ్రంగా తలనొప్పి ‘జీవితంలో ఎప్పుడైనా’ వచ్చిందా అని ఎఫ్‌ఏఏ దరఖాస్తు అడుగుతుంది. గత మూడేళ్లలో కలిసిన వైద్యుల వివరాలూ కోరుతుంది. తెలిసీ తప్పుడు సమాచారం ఇస్తే రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా, ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. లైసెన్సు పోతుందన్న భయంతో వైద్యుడి దగ్గరకే వెళ్లని వారూ ఉంటారు. ఇది మరింత ప్రమాదకరం. కాగితాల మీద వారి ఆరోగ్యం భేషుగ్గానే ఉంటుంది, తలనొప్పి మాత్రం చికిత్స లేకుండా మిగిలిపోతుంది.

తొందరపడినా నష్టమే. అమెరికాలో తేలికపాటి విమానాలు నడిపే స్పోర్ట్ పైలట్లకు వైద్య ధ్రువపత్రం బదులు డ్రైవింగ్ లైసెన్సు చాలు. అయితే చివరిసారి చేసిన వైద్య దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఆ దారీ మూసుకుపోతుంది. అందుకే దరఖాస్తు దాఖలు చేయకముందే విమానయాన వైద్యుడిని సలహా కోసం కలవడం, న్యూరాలజిస్టు నివేదికతో పాటు నొప్పి వచ్చిన తేదీలు, వాడిన మందుల వివరాలు సిద్ధం చేసుకోవడం మేలు.

భారత్‌లో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు డీజీసీఏ గుర్తించిన వైద్యుల వద్ద క్లాస్-2 పరీక్షలో నెగ్గాలి. వాణిజ్య పైలట్ కావాలనుకునే వారికి ఆ తర్వాత మరింత కఠినమైన క్లాస్-1 ఉంటుంది. మైగ్రేన్ చరిత్ర ఉన్నవారు శిక్షణ సంస్థకు లక్షల రూపాయల రుసుము కట్టకముందే ఈ పరీక్షల సంగతి తేల్చుకుంటే, మధ్యలో ఆగిపోయే పరిస్థితి తప్పుతుంది.