పూంగా ఆరోగ్యంగా ఉండాదా? మనమే చూడొచ్చు

మిల్లు పని మానుకున్న పెద్దోళ్లు చాలామంది పొద్దున్నే పూంగాకు నడకకు పోతారు. వాళ్లలో కొందరి ఊపిరితిత్తుల్లో పత్తి దుమ్ము చేసిన చేటు ఇంకా ఉండాది. సెలవు ముగిసి సోమవారం మిల్లులో అడుగు పెట్టగానే ఛాతీ బిగుసుకుంటుందే, ఆ జబ్బు మనకు కొత్త కాదు. అట్లాంటోళ్లకీ, చిన్నబిడ్డలకీ మంచి గాలి దొరకాల్సిన తావు పూంగా. అది పచ్చగా ఉంటే చాలదు, ఆరోగ్యంగా ఉండల్ల.

గుడ్డ మడతలో ఉంటే అంతా బాగానే కనిపిస్తుంది. వెలుతురుకు పట్టి చూస్తేనే పోగు తెగిన చోటు తెలుస్తుంది. పూంగానూ అట్లే చూడల్ల.

మొదట నేల. మాను కింద ఒక చెంబు నీళ్లు పోయండి. తొందరగా ఇంకితే మన్ను గుల్లగా ఉన్నట్టు. అట్లే నిలిచిపోతే తొక్కి తొక్కి గట్టిపడినట్టు. వాన తరవాత తడిమన్ను కొంచెం తవ్వితే వానపాములు కనిపించల్ల. మాను మొదలు చుట్టూ సిమెంటు పోసుంటే వేరుకు గాలీ అందదు, నీళ్లూ అందవు.

రెండోది ఆకు. తెల్ల గుడ్డతో ఆకును తుడవండి. దావ పక్క ఆకు, నడిమధ్య ఆకు రెండూ తుడిచి చూస్తే దుమ్ము ఎక్కడిదాకా వస్తుందో తెలుస్తుంది. రాలిన ఆకుల్ని అక్కడే కాల్చే పూంగాలో నడిస్తే మేలు కన్నా కీడే జాస్తి. ఆ ఆకు గుంతలో వేస్తే ఎరువు అవుతుంది.

మూడోది జీవాలు. కాకులు, పావురాలు మాత్రమే ఉంటే సరిపోదు. తేనెపిట్ట, పికిలిపిట్ట, సీతాకోకచిలుకలు వస్తే వాటికి పూలు, పండ్లు, పురుగులు దొరుకుతున్నట్టు. గుంటలో గుర్రపుడెక్క కమ్ముకుంటే మురికినీళ్లు చేరుతున్నాయేమో చూడల్ల.

నాలుగోది తాగేనీళ్లు. మన ధర్మపురి జిల్లాలో భూమిలోని నీళ్లలో ఫ్లోరైడ్ జాస్తి. అది కంటికి కనబడదు, కాచినా పోదు. బిడ్డల పండ్లను, ఎముకలను చెరుపుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశపు ప్రమాణం. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. పూంగాలో బోరునీళ్ల కుళాయి ఉంటే, పరీక్ష ఎప్పుడు చేశారు, ఎంత వచ్చింది అని అడగల్ల.

చెడిన తావు బాగుపడదని అనుకోవద్దు. చెన్నైలో అడయారు ఏరు సముద్రంలో కలిసే దగ్గర 58 ఎకరాల నేల ఇండ్ల శిథిలాలతో, చెత్తతో, మురికినీళ్లతో నిండిపోయి ఉండేది. అదంతా ఎత్తేసి, నీటి గుంటలు తవ్వి, ఆ తావుకు చెందిన మాన్లనే నాటినారు. 2011లో తొల్కాప్పియ పూంగా అని తెరిచినారు. పక్షులు మళ్లీ వచ్చి చేరినాయి. అక్కడ ముందు బాగుచేసింది నేలనూ నీళ్లనూ. బెంచీలు, రంగులు తరవాతి మాట.

మన దగ్గర పూంగాకు డబ్బు వచ్చినప్పుడు గేటుకు రంగు, దావకు టైల్సు వేసి ముగిస్తే ఒప్పుకోవద్దు. నలుగురు కలిసి వానకు ముందొకసారి, వాన తరవాత ఒకసారి ఈ నాలుగూ చూడండి. చదువుకునే బిడ్డలతో తేదీ వేసి నోటుబుక్కులో రాయించండి. ఆ పుస్తకం తీసుకుని ఆఫీసుకు పోతే, మన మాటకు బలం ఉంటుంది.