పందిరి విప్పిన మరునాడు

రాజకీయ పక్షముల మహాసభలలో చిట్టచివర జరుగు కార్యక్రమమునకు వందన సమర్పణ మని పేరు. అధ్యక్షోపన్యాసము ముగిసి, తీర్మానము లన్నియు ఆమోదము పొంది, దూరప్రాంతములనుండి వచ్చిన ప్రతినిధులు చేతిసంచులు సవరించుకొని బస్సుల వైపునకు, రైలు స్టేషను వైపునకు సాగిపోవుచుండగా, ఆహ్వాన సంఘమువారిలో నొకరు మైకు ముందు నిలిచి, స్థల మిచ్చినవారికి, చందా లిచ్చినవారికి, వంట చేసినవారికి, పోలీసువారికి, పత్రికలవారికి ఒక్క ఊపిరిలో కృతజ్ఞత చెప్పి ముగింతురు. ఆ మాట ముఖ్యముగా ఎవరికి చెందవలెనో వారు మాత్ర మప్పటి కక్కడ ఉండరు. వారు పందిరి వెనుక గాడిపొయ్యిల దగ్గర, చివరి బంతికి సాంబారు చాలునా యని కాగులో గరిటె వేసి చూచుచుందురు.

ఆహ్వాన సంఘ మనగా ఏమో ఇక్కడ కొంత చెప్పవలసియున్నది. ఒక పక్షము తన మహాసభను ఏ ఊర జరుపవలెనో నిశ్చయించిన పిమ్మట, ఆ ఊరివారును చుట్టుపట్ల గ్రామములవారును కూడి అతిథుల భారమును వహింతురు. వారికి ఒక అధ్యక్షుడు, కార్యదర్శులు, కోశాధికారి ఉందురు. భోజనమునకు, వసతికి, నీటికి, పారిశుద్ధ్యమునకు, వైద్యమునకు వేరువేరుగా ఉపసంఘము లేర్పడును. వాని క్రింద పనిచేయు యువకులే వాలంటీర్లు. వేదిక మీద కూర్చుండువారు సభాదినమున వత్తురు. వీరు మాత్రము నెలల ముందునుండియే రసీదు పుస్తకములు చేతబట్టి ఇంటింటికి తిరిగి, డబ్బు లేనిచోట బియ్యము, బియ్యము లేనిచోట కట్టెలు, అవియు లేనిచోట ఒక దినపు శ్రమ అడిగి తెచ్చుకొందురు. మహాసభ జరుపుట యనగా మూడు దినములకొరకు ఒక ఊరిని కట్టి, నాలవనాడు దానిని విప్పివేయుటయే.

అనంతపురము పీఠభూమిలో ఈ ఉపసంఘము లన్నిటిలోను నీటి ఉపసంఘమునకే భార మధికము. నైరృతి ఋతుపవనమును పశ్చిమ కనుమలు అడ్డగించుటచేతను, ఈశాన్య ఋతుపవనము తీరప్రాంతమున తన బలమును చాలవరకు వెచ్చించి యీ మెట్టకు చేరుటచేతను, ఇచ్చట సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. పెన్న యేటిలో ఏడాది పొడవున పెక్కు నెలలు ఇసుకయే గాని నీరు కానరాదు. ఇట్టిచోట వేసవిలో వేలకొలది జనమునకు మూడు పూటల మంచినీ రిచ్చుట సామాన్య మైన పని కాదు. ట్యాంకరు నిండవలె ననిన ఎవరిదో ఒక రైతు బోరు పారవలెను. వందల అడుగుల లోతునుండి సన్నని ధారగా వచ్చు ఆ నీరు తన చీనీ చెట్లకు చేరవలసినది. చీనీతోట మే నెలలో ఒక్క వారము తడి తప్పినచో పిందె రాలును; చెట్టే ఎండిపోయిన సంవత్సరములును రైతులు చూచియున్నారు. అట్లయినను 'సభకు వచ్చినోళ్లు దప్పికతో పోతే మన ఊరికే మాట గదప్పా' యని గేటువాల్వు ట్యాంకరు వైపునకు త్రిప్పువాడు ఇచ్చిన దానము ఎంతటిదో చందా పుస్తకమునందు వ్రాయుటకు గడి యుండదు.

మన తెలుగునాట మహాసభలలో వాలంటీర్ల సేవకు ఆదర్శముగా చెప్పుకొనదగినది 1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెసు. దానికి మౌలానా మహమ్మదాలీ అధ్యక్షుడు. దేశభక్త కొండ వెంకటప్పయ్య పంతులు ఆహ్వాన సంఘాధ్యక్షులు. ఏర్పాట్ల భారమును మోసినవారిలో అగ్రగణ్యుడైన బులుసు సాంబమూర్తి గారు పుత్రశోకమును దిగమ్రింగి కార్యమును విడువక నిర్వహించిరని తెలుగువారు నేటికిని చెప్పుకొందురు. దేశమున స్వచ్ఛంద సేవకులకు క్రమశిక్షణ నేర్పుటకై ఎన్.ఎస్. హర్డీకరు గారు సంకల్పించిన హిందూస్థానీ సేవాదళము పుట్టినదియు ఆ సభలోనే.

ఆ కాకినాడలోనే ఖాదీ ప్రదర్శనశాల ద్వారమున టిక్కెట్లు చూచు పని పదునాలుగేండ్ల బాలిక యగు దుర్గాబాయికి అప్పగింపబడెను. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్లాల్ నెహ్రూ వచ్చినప్పుడు ఆయన వద్ద టిక్కెట్టు లేకపోవుటచే ఆమె నిస్సంకోచముగా నిలిపివేసెను. నిర్వాహకులు కోపగించి, ఆయన ఎవరో తెలియదా యని అడుగగా, తనకు చెప్పిన పనినే తాను చేసితి నని ఆమె బదులిచ్చెను. టిక్కెట్టు కొనిన పిమ్మటనే ఆయనను పోనిచ్చెను. అలుగుటకు మారుగా నెహ్రూ గారు ఆ బాలిక కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనిరి. తరువాత ఆంధ్ర మహిళాసభను నెలకొల్పి, రాజ్యాంగ నిర్మాణ సభలో కూర్చుండి, దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా ప్రసిద్ధి కెక్కిన ఆమె ఈ సంఘటనను స్వయముగా తన జీవితకథలో చెప్పుకొనినది. వాలంటీరునకు చేయదగిన సన్మాన మిదియే యని నా నిశ్చయము: అతడు విధించిన నియమమునకు పెద్దవాడు సైతము తలయొగ్గుట. శాలువ కప్పి, ఆ శాలువ కప్పినవాని కారుకు మాత్రము అడ్డుకొయ్య ఎత్తు మని గద్దించు నేటి మర్యాదకును దీనికిని ఎంత దూరము!

సేవయందు లోపములు లేకపోలేదు. 1901లో కలకత్తా కాంగ్రెసునకు పోయిన గాంధీజీ అచ్చటి వాలంటీర్లలో ఒకరికి పని చెప్పిన అతడు మరియొకనికి, ఆ మరియొకడు ఇంకొకనికి అప్పగించుచుండుట చూచి నొచ్చుకొనెను. మరుగుదొడ్లు దుర్గంధమయములై యున్న వని చూపగా, అది తమ పని కాదు, పాకీవాని పని యని వారనిరి. గాంధీజీ చీపురు అడిగి తెచ్చుకొని తన మట్టుకు తాను శుభ్రము చేసికొనెను. నేటికిని మన సభాస్థలములందు అన్నిటికంటె కష్టమైన పని అదియే. వందన సమర్పణలో అన్నిటికంటె తక్కువగా వినబడు పేర్లును ఆ పని చేసినవారివే. కూలికి వచ్చిరి గదా, వారికి కృతజ్ఞత యెందుకని కొంద రందురు. కూలి అన్నది చేసిన పనికి చెల్లించు వెల. మూడు దినములు మలమూత్రముల నడుమ వారు నిలువకున్నచో ఆ సభయే నిలువ దన్న సంగతికి ఆ వెలలో చోటు లేదు.

గాంధీజీ అధ్యక్షత వహించిన ఒకే ఒక్క కాంగ్రెసు 1924లో బెళగాములో జరిగెను. అచ్చటను నీటి చింతయే. గంగాధరరావు దేశపాండే మొదలగు స్థానికులు ప్రతినిధుల దాహము తీర్చుటకై సభాస్థలమున ఒక పెద్ద బావి త్రవ్వించి దానికి పంపా సరోవర మని పేరిడిరి. పందిళ్లు పోయినవి, ప్రతినిధులు పోయిరి. బావి మాత్రము కాంగ్రెసు బావి యను పేర నేటికిని తిలక్‌వాడిలో ఉన్నది. సభ కాతిథ్య మిచ్చిన ఊరికి సభ చేసిన వందన సమర్పణ మని దానిని గూర్చి అనవచ్చును. అనంతపురము జిల్లాలో ఏ రంగు జెండావారైనను సభ జరుపునప్పుడు ఆ ఊరి చెరువులో కొంత పూడిక తీయించియో, కట్టపైని తుమ్మచెట్లు కొట్టించియో పోయినచో, పెక్కు ఉపన్యాసముల కంటె ఆ మేలును జనము ఎక్కువ కాలము తలచుకొందురు.

ఈ సీమవారికి కృతజ్ఞత క్రొత్తగా నేర్పవలసినది కాదు. బుక్కరాయసముద్రము చెరువు కట్ట తెగబోవుచుండగా ఊరిని కాపాడుటకై ప్రాణ మర్పించిన ముసలమ్మ కథ ఇచ్చటి జనుల నోట శతాబ్దములుగా నిలిచి, కట్టమంచి రామలింగారెడ్డి గారి 'ముసలమ్మ మరణము'నకు వస్తువైనది. ఆమె ఏ సంస్థానమునకు రాణి కాదు, ఒక కాపుటింటి కోడలు. ఆ కట్టను చూచినప్పుడు ఇప్పటికిని ఆమె పేరు చెప్పుకొనని ముదుసలి ఆ ప్రాంతమున అరుదు. ఇక మన మహాసభల చరిత్ర యన్ననో, 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభతో పాటు జరిగిన దత్తమండలముల సమావేశమునకు కడప కోటిరెడ్డి గారు అధ్యక్షు లనియు, అనంతపురము కళాశాలలో అధ్యాపకులైన చిలుకూరి నారాయణరావు గారు ఆ మండలములకు రాయలసీమ యను పేరు సూచించి రనియు, పప్పూరి రామాచార్యులు గారు తీర్మానమును ప్రతిపాదించి రనియు మనకు తెలియును. అది తెలిసికొనదగినదే, ఆ పేరుతోనే నేడు మనము పిలువబడుచున్నాము. పెద్దల పేర్లు ఇంత శ్రద్ధతో వ్రాసికొను చేతులు, ఆ సభ యొక్క పొయ్యి రాజేసినవారి పేర్లు వ్రాయుటకు మాత్రము సాధారణముగా కలమును కదల్పవు. ముసలమ్మను మరువని నేల మీద ఈ లోపము మరింత వెలితిగా కనబడును.

అనంతపురమునకు ఇంకొక విశేషము కలదు. ఇచ్చట పక్షములు వేరైనను ఇండ్లు వేరు కావు. 1952 ఎన్నికలలో ఇల్లూరు గ్రామస్థుడైన నీలం సంజీవరెడ్డి గారిని తరిమెల నాగిరెడ్డి గారు ఓడించినప్పుడు, వారిరువురు బావ బావమరదులు. ఓడినవారు తరువాత 1960లో బెంగుళూరు కాంగ్రెసునకు అధ్యక్షులై, తుదకు రాష్ట్రపతి యైరి. గెలిచినవారు ఉన్న భూమిని పంచిపెట్టి, చివర శాసనసభను విడిచి విప్లవ మార్గము పట్టిరి. ఈ ఇరువురి వెనుకను తిరిగిన కార్యకర్తలు మాత్రము చుట్టములై, ఇరుగు పొరుగై, ఒకే చెరువు నీరు త్రాగినవారు. అందువలననే నేటికిని ఏ పక్షపు సభ యైనను, ఎదుటి పక్షమువాని ఇంటి గంగాళము వంటశాలలో కనబడుట పల్లెలలో వింత కాదు.

2024 ఫిబ్రవరి 18న రాప్తాడులో వైఎస్సార్ కాంగ్రెసు వారు జరిపిన సిద్ధం సభగాని, 2025 సెప్టెంబరు 10న అనంతపురములో కూటమి పక్షములు జరిపిన విజయోత్సవ సభగాని చూచినవారికి నేటి జనసమ్మర్ద మెట్టిదో తెలియును. 2025 మే 27 మొదలు 29 వరకు తెలుగుదేశము మహానాడు తొలిసారిగా కడపలో జరిగెను. రోహిణి కార్తె యెండలలో, రోళ్లు పగులు నని పెద్దలు చెప్పు దినములలో, అంతమందికి మజ్జిగయు అన్నమును అందించుట యన్న, ఏ పక్షమున నున్నవారైనను చేతులెత్తి మ్రొక్కవలసిన సేవయే.

ఇట్టి సభ ముగిసిన మరునాటి ఉదయమున ఆ స్థలమున ఒక గడియ నిలిచిన చాలు. జంపఖానాలు దులిపి చుట్టలు చుట్టుచుందురు. ఫ్లెక్సీలను కోసి, మేతవాముల మీద కప్పుటకై రైతులు మడచుకొని పోవుచుందురు; నాయకుల ముఖములు వానకు అడ్డమై పశువుల మేతను కాచును. ఒకమూల ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు అరువు తెచ్చిన పాత్రలను పోగువేసి, అంచులమీద చెక్కిన పేర్లు చదివి, ఇది గుడిది, ఇది పెద్దాయన కూతురి పెండ్లికి వచ్చినది, ఇది ఎగువ వీధివారిది యని వేరుచేయుచుందురు. మూడు రాత్రులు నిద్ర లేక ఎర్రబారిన కన్నులతో, మిగిలిన చిత్రాన్నము ప్లాస్టిక్ గిన్నెలో కలుపుకొని, ఊరుబిండి నంజుకొని తినుచు, వారు ఆ పేర్లు తప్పక చదువుదురు. ఒక్క గరిటె తప్పిపోయినను ఇచ్చిన ఇల్లాలికి సమాధానము చెప్పవలసినవారు వారే. సభ యొక్క నిజమైన వందన సమర్పణ యప్పుడు జరుగుచున్నది. పాత్ర తోమి, గుమ్మములో పెట్టి, 'అక్కా, నీ గంగాళం లేకుంటే మాకు జరిగేది కాదు' అని చెప్పునప్పుడు.

పక్షములు తమ కార్యకర్తలను మరచిన వని నే ననను. కమ్యూనిస్టుల మహాసభలలో అమరవీరులకు జోహారులతో సభ మొదలగుటయు, ఎర్రచొక్కాల వాలంటీర్ల కవాతును నాయకులు నిలిచి చూచుటయు చక్కని సంప్రదాయములు. తెలుగుదేశము, జనసేన పక్షములు తమ సభ్యులకు అయిదు లక్షల రూపాయల వరకు ప్రమాద బీమా కల్పించుట అంతకంటెను మెచ్చదగినది. సభకు పోవు త్రోవలో ట్రాక్టరు తిరుగబడి కాలు విరిగినవాని భార్యకు పొగడ్తల వలన కలుగు ప్రయోజన మేమున్నది?

అయినను ఒక చిక్కు తెగకయే యుండును. పెద్ద ఖర్చులు పక్ష కార్యాలయము భరించినను, మండలములో చిల్లర బాకీ లన్నియు స్థానికుడైన ఒక కార్యకర్త మాటమీదనే నిలుచును. షామియానావానికి మిగిలిన సగము బాడుగ, కిరాణా కొట్టులో కందిపప్పు, నూనె ఖాతా, నీటి ట్యాంకరు డీజిలు, జీపుల కిరాయి, ఇవి యన్నియు 'నేనున్నాలే' యని అతడు చెప్పిన నమ్మకముపై వచ్చినవి. నాయకులు తరువాతి కార్యక్రమమునకు పోవుదురు; అతడు మాత్ర మదే వీధిలో, అదే కొట్టు ముందునుండి దినమునకు రెండు మారులు నడువవలెను. సభలో తన పేరు వినబడలేదన్న నొప్పి అతనికి లేకపోవచ్చును. కొట్టువాని కన్ను తప్పించుకొని నడచు ఆ నడక మాత్రము అతనిని లోలోన కోయును. మే మాసాంతమున జరుగు మహాసభకు మృగశిర కార్తె పది దినముల దూరములోనే యుండును. తొలకరి పడినచో అతడు విత్తనకాయలు కొనవలెను, కొట్టువాడు ఆ విత్తనమునకు అప్పీయవలెను. పాత ఖాతా చెల్లనిదే క్రొత్త అప్పు పుట్టదు. కావున ఆహ్వాన సంఘమువారు కోశాధికారిని వెంటబెట్టుకొని మృగశిరకు ముందే ఆ కొట్టునకు పోయి, అతని ఎదుటనే ఖాతా కొట్టివేయించి, జమాఖర్చుల ప్రతి నొకదానిని గ్రామ సచివాలయము గోడకు అంటించి రావలెను.