తుంటి కీలు మారింది – దినచర్య మారింది

ఆరోగ్యాన్ని గురించి వ్రాసే అర్హత వైద్యులది. నేను వైద్యురాలిని కాను. 29 సంవత్సరాలు బ్యాంకులో పనిచేసి, అందులో చివరి ఆరు సంవత్సరాలు శాఖా మేనేజరుగా ఉండి, 54వ ఏట కుడి తుంటి కీలు మార్పిడి చేయించుకొన్న ఒక సాధారణ గృహిణిని. శస్త్రచికిత్స జరిగిన ఆరు నెలలలోపుననే ఉద్యోగాన్ని కూడ విడిచిపెట్టాను. ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి జరిగాయి. ఆ రోజులలో నేను చేసిన తప్పులు మరొకరు చేయకూడదన్న తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నొప్పి మోకాలిలో, జబ్బు తుంటిలో

2020 చివరలో నాకు కుడి మోకాలి నొప్పి మొదలైంది. ఏడాదిపాటు మోకాలికే కాపడాలు, పట్టీలు, తైలాలు. మెట్లు ఎక్కేటప్పుడు గజ్జలో కలుక్కుమనేది. అది బెణుకు అనుకొన్నాను. తుంటి కీలులోని బాధ గజ్జలోను, ఒక్కొక్కసారి మోకాలిలోను తెలుస్తుందన్న సంగతి నాకు అప్పటికి తెలియదు. చివరకు తుంటికి తీసిన ఎం.ఆర్.ఐ.లో అసలు విషయం బయటపడింది. తొడ ఎముక పైభాగాన బంతివలె ఉండే తలకు రక్తప్రసరణ తగ్గి, ఎముక క్షీణించి, గుండ్రని తల నొక్కుకుపోయింది. దీనిని ఏవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. బంతి గుండ్రదనం కోల్పోయిన తరువాత అది తిరిగే గిన్నె కూడ అరిగిపోతుంది. ఆ స్థితిలో ఏ తైలమూ, ఏ పత్యమూ ఆ ఆకారాన్ని తిరిగి తేలేవు.

వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న, "స్టెరాయిడ్లు ఎప్పుడైనా వాడారా అమ్మా?" అని. వాడలేదన్నాను. ఆయన గ్రుచ్చి గ్రుచ్చి అడుగగా ఒక విషయం గుర్తుకు వచ్చింది. నాకు ఉబ్బసం ఉంది. వైద్యుని వద్దకు వెళ్ళడానికి సెలవు దొరకక, ఎవరో తెచ్చి ఇచ్చిన పొట్లాలు సుమారు ఏడాదిన్నర వాడాను. పొట్లం మీద మందు పేరు లేదు, తయారు చేసినవారి పేరు లేదు. రెండు రోజులలోనే ఆయాసం మాయమయ్యేది, ఆకలి విపరీతంగా వేసేది, ముఖం గుండ్రంగా ఉబ్బింది. అవన్నీ స్టెరాయిడ్ లక్షణాలేనని, దానివల్లనే ఎముక దెబ్బతిని ఉండవచ్చునని వైద్యుడు అన్నారు. పొట్లాలు మిగలలేదు కనుక నిరూపించలేము. కాని ఒక్క మాట చెప్పగలను. పేరు చెప్పని మందు ఆయుర్వేదం కాదు. ఆయుర్వేద వైద్యుడు తాను ఇచ్చే మందు పేరు, అందులోని ద్రవ్యాలు, అనుపానం చెప్పి ఇస్తాడు.

ఆపకూడని వేగాలు

చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం వేగధారణను గురించినది. మూత్రం, మలం, ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు, ఆవులింత మొదలైన 13 సహజ వేగాలను బలవంతంగా ఆపరాదని అందులో ఉన్నది. లోభం, భయం, క్రోధం, ఈర్ష్య వంటి మనోవేగాలను మాత్రం అదుపులో పెట్టుకోవాలని కూడ అక్కడే ఉన్నది.

మంచం మీద పడుకొని ఆ అధ్యాయం చదువుతుంటే నా ఉద్యోగ జీవితమంతా కళ్ళముందు నిలిచింది. కౌంటరు వద్ద రద్దీగా ఉన్నదని మూత్రాన్ని ఆపాను. మాటిమాటికి లేవవలసి వస్తుందని నీళ్ళు త్రాగడం మానాను. మధ్యాహ్న భోజనం నాలుగు గంటలకు. రాత్రి పదింటికి వచ్చే సందేశాల కోసం నిద్రను ఆపాను. బీమా పాలసీల లక్ష్యం చేరలేదని అందరి ఎదుటా మందలించినప్పుడు కన్నీటినీ ఆపాను. ఆపవలసిన భయాన్ని మాత్రం ఒక్కరోజూ ఆపలేకపోయాను. ఫోను మ్రోగితే గుండె దడదడలాడేది. 2015 గోదావరి పుష్కరాలకు దేశం నలుమూలల నుండి జనం మా రాజమహేంద్రవరానికి వస్తే, ఊళ్ళో ఉన్న నేను ఒక్క మునక వేయలేకపోయాను.

ఉద్యోగమే నా తుంటిని అరగదీసిందని నేను అనను. అది న్యాయం కాదు. కాని వైద్యునికి చూపించుకోవలసిన సమయంలో పొట్లం వేసుకొన్నది, నడవలేని స్థితి వచ్చేవరకు శస్త్రచికిత్సను వాయిదా వేసినది ఉద్యోగం కోసమే. మంచిచెడ్డలు తెలిసి కూడ చెడ్డదానినే చేయడాన్ని చరకుడు ప్రజ్ఞాపరాధం అన్నాడు. నాకు దానికంటె సరిపోయే మాట మరొకటి దొరకలేదు.

శస్త్రచికిత్స, తొలి రోజులు

ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అనే శస్త్రవైద్యుడు 1962లో లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెలతో చేసిన కీలు మార్పిడియే ఈనాటి పద్ధతికి మూలం. 2019లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలన ప్రకారం ఇటువంటి కీళ్ళలో సుమారు 58 శాతం 25 సంవత్సరాలపాటు పనిచేస్తున్నాయి.

నాకు 2023 మార్చి రెండవ వారంలో శస్త్రచికిత్స జరిగింది. అంతకు ముందు నేను వాడుతున్న వెల్లుల్లి గుళికలను, పసుపు మాత్రలను చెప్పి ఆపివేశాను. ఇవి మందు మోతాదులో రక్తస్రావాన్ని పెంచవచ్చు. కూరలో వేసే వెల్లుల్లికి, పసుపుకు ఆ భయం లేదు. వాడే ప్రతి మూలికను మత్తు వైద్యునికి కూడ చెప్పి తీరాలి.

మరునాడే వాకరుతో నిలబెట్టి నాలుగడుగులు వేయించారు. తుంటిని 90 డిగ్రీలకు మించి వంచరాదు. కాలు మీద కాలు వేసుకోరాదు. పాదాన్ని లోపలికి త్రిప్పరాదు. పడుకొన్నప్పుడు కాళ్ళ మధ్య దిండు ఉండాలి. ఈ నియమాలు శస్త్రచికిత్స పద్ధతిని బట్టి కొంత మారుతాయి. మన ఇళ్ళలో కష్టమంతా నేల మీద కూర్చోవడం వల్లనే వస్తుంది. మా అత్తగారు పూజగదిలోని పీటను ఎత్తివేసి ఎత్తైన కుర్చీ వేయించారు. మరుగుదొడ్డి ఆసనం మీద ఎత్తు పెంచే అమరిక పెట్టించాము. నేల మీద పడిన వస్తువును తీయడానికి పొడవాటి పట్టుకారు కొన్నాము. మెట్లకు ఒక సులువైన గుర్తు చెప్పారు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చికిత్స అయిన కాలు ముందు.

మార్చి 31

ఇంటికి వచ్చిన తరువాత గంటకొకసారి లేచి నడవాలని, పాదాలను పైకీ క్రిందికీ ఆడిస్తూ ఉండాలని, రక్తం గడ్డకట్టకుండ ఉండే మాత్రను 35 రోజులు తప్పకుండ వేసుకోవాలని చెప్పారు. పదిహేను రోజులు అలాగే చేశాను.

అంతలో ఆర్థిక సంవత్సరం ముగింపు వచ్చింది. పై అధికారి ఫోను చేసి, "కూర్చుని మాట్లాడడానికి కాలుతో పనేముంది మేడమ్?" అన్నారు. ఆయనను మాత్రమే అని ప్రయోజనం లేదు. కాదని చెప్పలేనిది నేను. మార్చి 30, 31 తేదీలలో కుర్చీలో కదలకుండ కూర్చొని లాప్‌టాప్ ముందు గంటల తరబడి గడిపాను. రెండు పూటల మాత్ర మరచాను. నీళ్ళు సరిగా త్రాగలేదు.

ఏప్రిల్ 2వ తేదీ ఉదయానికి కుడి పిక్క వాచి, గట్టిపడి, వేడిగా ఉన్నది. చూడవచ్చిన మా పిన్ని, "వాతం దిగింది అమ్మడూ, నేను రుద్దుతాను ఉండు" అంటూ నువ్వుల నూనె వెచ్చజేసి తెచ్చింది. ఆమె ప్రేమకు వంక పెట్టలేము. నేనూ కాలు చాచాను. మా అమ్మాయి మాత్రం వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టుకు ఫోను చేసింది. "ఎవరూ కాలు ముట్టుకోవద్దు, వెంటనే తీసుకొని రండి" అన్నాడతడు. డాప్లర్ పరీక్షలో పిక్క సిరలో రక్తపు గడ్డ కనిపించింది. అటువంటి కాలిని మర్దన చేస్తే గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరవచ్చు, ప్రాణాపాయం కలుగవచ్చు అని వైద్యుడు చెప్పినప్పుడు పిన్ని చేతిలోని నూనెగిన్నె నాకు గుర్తుకు వచ్చింది. మంచి మందు కూడ అకాలంలో విషమే.

మూడు నెలలపాటు రక్తాన్ని పలుచన చేసే మాత్రలు వాడవలసి వచ్చింది.

వంటింటి సాయం

కీలును వైద్యుడు మార్చాడు. కండను, నిద్రను, జీర్ణశక్తిని తిరిగి తెచ్చుకోవడంలో వంటిల్లు సాయపడింది.

మలబద్ధకం: నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు దీనిని తెస్తాయి. రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష ఉదయాన్నే తినడం, గోరువెచ్చని నీరు, వైద్యుని అనుమతితో రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్ నాకు చాలినవి.

బలం: ఉదయం మజ్జిగ కలిపిన రాగి జావ. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మధ్యాహ్నం ముద్దపప్పు లేక ఉలవచారు, సాయంకాలం ఒక నువ్వుండ. గాయం మానడానికి, కండ పట్టడానికి మాంసకృత్తులు తప్పనిసరి. పప్పు, పాలు, పెరుగు, అలవాటున్నవారికి గ్రుడ్డు, చేప మేలు.

నల్లేరు: దీనికి సంస్కృతంలో అస్థిశృంఖల అని పేరు. లేత కణుపుల నార తీసి, చేతికి నూనె రాసుకొని ముక్కలు కోసి, బాగుగా వేయించి చింతపండుతో పచ్చడి చేయాలి. పచ్చిగా తింటే గొంతు దురద పెడుతుంది. మూత్రపిండాలలో రాళ్ళు ఉన్నవారు దీనిని వాడే ముందు వైద్యుని అడగాలి. నేను దీనిని రుచికోసం, మా అత్తగారి తృప్తికోసం తిన్నాను. మాత్రలకు బదులుగా కాదు.

ఆకుకూరలు: రక్తం పలుచన చేసే మందులలో వార్ఫరిన్ వాడేవారు మునగాకు, పాలకూర వంటివి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ తినరాదు. వాటిలోని విటమిన్ కె ఆ మందు పనిని మారుస్తుంది. నాకు ఇచ్చిన మందు వేరు కనుక ఆ చిక్కు లేదు.

తైలం: ఎముకలు వాతానికి స్థానమని, వాతానికి తైలం పరమౌషధమని శాస్త్రం. అయినా గాయం పూర్తిగా మానేవరకు, గడ్డ సంగతి తేలేవరకు కాలికి తైలం వద్దన్నారు. వాకరు పట్టి నొప్పి పుట్టిన భుజాలకు, చేతులకు మాత్రం మహానారాయణ తైలం వాడాను. కాలికి, వైద్యుడు సరేనన్న తరువాత, జూలై నెలలో మొదటిసారి రాసుకొన్నాను.

నిర్ణయం

ఏప్రిల్‌లోనే ఉద్యోగం మానేస్తానని పట్టుబట్టాను. మా వైద్యుడు వారించారు. "నొప్పిలో, నిద్రలేమిలో పెద్ద నిర్ణయాలు వద్దమ్మా. ఆరు వారాలు గడవనివ్వండి" అన్నారు. అది ఆయన ఇచ్చిన మందులన్నింటిలో మంచిది.

ఆ ఆరు వారాలలో మావారు, నేను ఒక నోటుపుస్తకంలో లెక్కలు వ్రాసికొన్నాము. మావారు ప్రైవేటు పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులు. ఆ జీతంతో ఇల్లు గడవదు. అమ్మాయి చదువు ఇంకా రెండు సంవత్సరాలు ఉన్నది. ఇంటి అప్పు కొంత మిగిలి ఉన్నది. బ్యాంకు ఉద్యోగుల పెన్షను నిబంధనలు, 1995 ప్రకారం 20 సంవత్సరాల అర్హతగల సర్వీసు ఉన్నవారు మూడు నెలల నోటీసు ఇచ్చి స్వచ్ఛందంగా విరమించవచ్చు, పెన్షను వస్తుంది. గ్రాట్యుటీతో ఇంటి అప్పు తీరుతుంది. ఆరోగ్య బీమా రుసుము ఇకమీద మేమే కట్టుకోవాలి. వచ్చేది ఇప్పటి జీతంలో సగానికంటె తక్కువ. ఆ అంకె చూసి రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

మూడవనాడు మావారు పుస్తకం మూసి, "ఏ ఖర్చు తగ్గించాలో మనకు తెలుసు. ఏ జబ్బు తగ్గుతుందో తెలియదు. తెలిసినదే చేద్దాం" అన్నారు. మే నెలలో నోటీసు ఇచ్చాను. జూన్‌లో చేతికర్రతో వెళ్ళి, మిగిలిన రోజులు పనిచేసి, ఆగస్టులో బాధ్యతలు అప్పగించాను. గడప దిగేటప్పుడు చికిత్స అయిన కాలు ముందు వేయాలన్నది మరువలేదు.

అంతటితో శాంతి దొరికిందని వ్రాస్తే అబద్ధమవుతుంది. రెండు నెలలు తెల్లవారకుండనే లేచి ఫోను కోసం తడుముకొనేదానిని. ఎవరూ పిలువకపోతే ఎవరికీ పనికిరానిదానిని అయ్యానని దిగులు కలిగేది. కాలుకంటె ఆ అలవాటు కుదుటపడడానికే ఎక్కువ కాలం పట్టింది.

ఇప్పటి దినచర్య

ఐదున్నరకు లేవడం, నీరు త్రాగడం, తుంటి కండరాలకు నేర్పిన వ్యాయామం 20 నిమిషాలు, గట్టు మీద నడక. ఉబ్బసానికి వైద్యుడు వ్రాసిన ఇన్‌హేలరు. ఒంటిగంటకు భోజనం. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను హాలులో, నేను పడకగదిలో. ఇప్పటికీ నేల మీద గొంతుకు కూర్చోను. చలికాలంలో కొంచెం కుంటు కనిపిస్తుంది. మొన్న కార్తిక మాసంలో పుష్కర ఘాట్ మెట్లు కమ్మీ పట్టుకొని దిగి, మావారు చేయి అందివ్వగా మోకాలి లోతు నీటిలో నిలబడ్డాను. ఇంటికి ఎప్పుడు వస్తారని ఎవరూ ఫోను చేయలేదు.

పాఠకులకు మనవి

1. గజ్జలో నొప్పి రెండు వారాలకు మించి ఉంటే తుంటిని పరీక్ష చేయించుకోండి.

2. పేరులేని పొట్లాలు, మాత్రలు వాడకండి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా మానకుండ వైద్యునికి చూపించండి. స్టెరాయిడును హఠాత్తుగా ఆపడం కూడ ప్రమాదమే.

3. శస్త్రచికిత్స అయిన కాలు వాచినా, పిక్క నొప్పిగా, వేడిగా ఉన్నా మర్దన చేయరాదు. ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం, గాయం నుండి స్రావం కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి.

4. సెలవు అంటే సెలవే. కోలుకొనే దినాలలో కొలువు పని ఇంటికి రానీయకండి.

5. ఉద్యోగం మానడం అందరికీ సాధ్యం కాదు. ఆకలికి అన్నం, దాహానికి నీరు, వేళకు నిద్ర మాత్రం ఏ కొలువులోనైనా మన హక్కు. వాటిని ఈ రోజునుండే తిరిగి తెచ్చుకోండి.