ఇంటినుండి కార్ల పందెము – క్రొత్తవారి మొదటి పాఠము



మా దేవరుప్పులలో నేనొక రాత్రి చేసిన తప్పుతో ఈ ప్రసంగమును ప్రారంభించుచున్నాను. అన్నము చల్లారుచున్నదని మనుమని రెండుమార్లు పిలిచితిని. వాడు గదిలో కంప్యూటరు ముందర చిన్న స్టీరింగు పట్టుకొని కూర్చుండి, తెరపై పరుగెత్తు కారును నడుపుచు, "ఇంక నాలుగు నిమిషాలు తాతా" అని బదులు చెప్పెను. మూడవసారి పిలువక లోనికి పోయి గోడనున్న స్విచ్చి కట్టివేసితిని. తెర నల్లబడెను. వాడు కోపగింపలేదు. చేతులు స్టీరింగుపైననే ఉంచి, "ఆపితె ఆగదే తాతా ఇది. అవుతల ఇరువై మంది ఉన్నరు" అనెను.

ఆ ఇరువదిమంది ఎవరు, ఎక్కడనున్నారు, నేను స్విచ్చి కట్టినందున ఏమి చెడినది అని మరునాడు వానినే గురువుగా కూర్చుండబెట్టి తెలిసికొంటిని. మీ యిండ్లకును ఇట్టి స్టీరింగు వచ్చియుండవచ్చును. రానిచో రేపు రావచ్చును. కావున నేను తెలిసికొన్నది మీకు చెప్పుదును.

దీనిని సిమ్ రేసింగు అందురు. సెల్‌ఫోనుపై పిల్లలు వ్రేలితో ఆడు ఆట వేరు, ఇది వేరు. ఇందులో కారు బరువు, టైరు నేలను పట్టు పట్టు, బ్రేకు వేసినప్పుడు బరువు ముందునకు ఒరుగుట, ఇవన్నియు క్షణక్షణము గణితముచే లెక్కింపబడును. నిజమైన పందెపు బాటలను లేజరు కిరణములతో కొలిచి, గతుకులతో సహా తెరపైకి ఎక్కించిన ఆటలు కలవు. స్టీరింగులో చిన్న మోటారుండి చేతిని ఎదురు త్రోయుచుండును. ముందు టైర్లు జారినచో ఆ త్రోపు సడలును. నడుపువాడు కంటికంటె ముందు చేతితో ప్రమాదమును గుర్తించును. జపానువారి గ్రాన్ టురిస్మో 1997లోను, అమెరికావారి ఐరేసింగు 2008లోను, ఇటలీవారి అసెట్టో కోర్సా 2014లోను వెలువడినవి.

ఇది వట్టి కాలక్షేపమని నేనును తలచితిని. కాని యాన్ మార్డెన్‌బరో అను ఆంగ్లదేశపు కుర్రవాడు గ్రాన్ టురిస్మో ఆడుచు, 2011లో ఆ ఆటగాండ్రకై పెట్టిన పోటీలో గెలిచి, 2013లో ఫ్రాన్సు దేశపు లె మాన్ 24 గంటల పందెములో నిజమైన కారు నడిపెను. 2020లో కోవిడు వలన పందెములు నిలిచినప్పుడు ఫార్ములా వన్ సారథులే ఇండ్లలో కూర్చుండి ఈ విధముగా పోటీపడిరి. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్ కార్ల పందెము జరిగినప్పుడు మా మనుమడు పోయి చూచెను. వచ్చినది మొదలు వానికి ఇదే ధ్యాస.

నాకు నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. బాహుకుడై యున్న నలుడు ఋతుపర్ణునికి అశ్వహృదయమును ఉపదేశింప నొప్పుకొని, ఆయన వలన అక్షహృదయమును గ్రహించెను గదా. ఒకటి సారథ్యవిద్య, ఒకటి జూదవిద్య. ఇందులో సారథ్యము మాత్రమే కలదు, జూదము లేదు. "పందెము" అనగానే మనకు డబ్బు స్ఫురించును గాని, ఇట డబ్బు ఒడ్డుట లేదు. భారత ప్రభుత్వము 2025లో చేసిన చట్టము డబ్బు ఒడ్డి ఆడు ఆటలను నిషేధించి, ఇట్టి పోటీ క్రీడలను వేరుగా గుర్తించినది. అయినను ఖర్చు ఉన్నది. సామాన్యమైన స్టీరింగు, పెడళ్ళు కలిపి ఇరువది, ముప్పది వేల రూపాయలగును. కొన్ని ఆటలను ఒకమారు కొన్న చాలును. ఐరేసింగునకు చందా కట్టవలెను, అధికమైన కార్లను బాటలను వేరుగా కొనవలెను. మొదటి సంవత్సరము ఒక కారు, రెండు మూడు బాటలు చాలునని నేను కట్టడి చేసితిని.

ఇక ఆ ఇరువదిమంది సంగతి. ఒకడు ముంబాయిలో, ఒకడు సింగపూరులో, ఒకడు జర్మనీలో ఉండును. ప్రతివాని కారున్న చోటు సర్వరు అను కంప్యూటరునకు పోయి, అటనుండి అందరికి చేరవలెను. కాంతి గాజుతీగలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదు నుండి అమెరికా తూర్పు తీరము సుమారు 13,000 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 26,000. తీగ తిన్నగా పోదు, నడుమ మజిలీలుండును. కావున సెకనులో అయిదవ వంతైనను పట్టును. గంటకు 180 కిలోమీటర్ల వేగముతో పోవు కారు సెకనుకు 50 మీటర్లు, అయిదవ వంతు సెకనులో 10 మీటర్లు పోవును. అనగా తెరపై కనుపించు ఎదుటివాని కారు వట్టి పాతవార్త. ఇప్పుడది ఎచ్చటికి పోయియుండునో కంప్యూటరు ఊహించి చూపుచుండును. తీగలో తడబాటు కలిగినచో ఊహ తప్పి కారు కప్పవలె దుముకును. నీ తెరపై తగులనిది వాని తెరపై తగిలియుండవచ్చును. కావున క్రొత్తవారు దగ్గరి సర్వరును ఎన్నుకొని, వైఫై విడిచి తీగతో కలుపుకొని, ప్రక్కవానికి ఒక మూర ఎక్కువ చోటు విడువవలెను.

క్రొత్తవారిలో పెక్కుమంది చెడునది మొదటి మలుపులో. జాతరలో గుడి చుట్టు బండ్లు త్రిప్పుట మీరెరుగుదురు. తిన్నని చోట అన్ని బండ్లును సుఖముగా పోవును. గుడి మూలకు వచ్చుసరికి అందరికి అదే ఇరుకు కావలెను. వెనుకవాడు తొందరపడినచో ఇరుసు ఇరుసునకు తగిలి నాలుగు బండ్లు నిలిచిపోవును. ఇందును అంతే. ఒంటరిగా సాధన చేసినప్పుడు ఏ గుర్తు దగ్గర బ్రేకు వేసెనో, పందెములోను అటనే వేయుదునని క్రొత్తవాడు తలచును. కాని ముందు పది కార్లున్నప్పుడు వారందరును ముందుగనే నెమ్మదింతురు. వీడు పోయి వారిలో పడును. కావున మొదటి చుట్టులో అలవాటుకంటె చాల ముందుగా బ్రేకు వేయవలెను. అది కూడ చేతగానివాడు వరుసలో నిలువక, కార్లు బయలుదేరు సందునుండి అందరును పోయిన పిదప పోవుట మేలు. మా వాడు మొదటి పది పందెములు ఇట్లే చేసెను. దానిని పిరికితనమనుకొంటిని, ముందువారు తమలో తాము కొట్టుకొని ఆగిపోగా వీడు వెనుకనుండియే సగముమందిని దాటుట చూచి ఆ మాట వెనుకకు తీసికొంటిని.

బాట తప్పి గడ్డిలో పడినవాడు వెంటనే అడ్డముగా తిరిగి రాగూడదు. వచ్చువారందరును పోవువరకు నిలువవలెను. దాటగోరువాడే జాగ్రత్త పడవలెను. ముందువాడు తన దారి మార్చక తిన్నగా పోవలెను. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఊగువాడే అందరికంటె ప్రమాదకారి.

ఐరేసింగులో మా వాడు చేరినందున దాని లెక్క చెప్పుదును. క్రొత్తవాడు రూకీ అను తరగతిలో, చిన్న మాజ్డా కారు వంటి వాటితో మొదలిడును. బాట వదలినచో 1, అదుపుతప్పినచో 2, ఇంకొక కారును గట్టిగా కొట్టినచో 4 మచ్చలు వ్రాయుదురు. ఎన్ని మలుపులకు ఎన్ని మచ్చలు అని లెక్కించి, అవి తగ్గినకొలది డి, సి, బి, ఎ అను పై తరగతులకు పంపుదురు. గెలుపుతో దీనికి నిమిత్తము లేదు. విచిత్రమేమనగా, వెనుకవాడు వచ్చి కొట్టినను ఇద్దరికిని 4 మచ్చలే. ఇదేమి న్యాయమని నేనడిగితిని. "నువ్వు బడిల ఇద్దరు కొట్టుకుంటే ఇద్దర్ని నిలవెట్టకపోతివా తాతా?" అని వాడనెను. నిలబెట్టినమాట నిజమే. అది న్యాయమని నేనెన్నడును అనుకొనలేదు గాని, కొట్టువాని ప్రక్క కూర్చుండరాదని పిల్లలు త్వరగా నేర్చుకొనిరి.

సామగ్రిలో నాకు తెలిసినది కొంచెమే. చక్రముల కుర్చీ పనికిరాదు. బ్రేకు నొక్కినంతనే అది వెనుకకు జరుగును. మా యింట నాలుగు కాళ్ళ టేకు కుర్చీ వేసి, పెడళ్ళను గోడకు ఆనించితిమి. బ్రేకును తటాలున కాక, తిన్నని బాటలోనే గట్టిగా నొక్కి, మలుపు దగ్గరపడినకొలది కొంచెము కొంచెముగా వదలవలెనట. ఈ ఆటలో కారు తుక్కయినచో ఒక మీటతో క్రొత్తదగును. జనగామ నుండి సూర్యాపేటకు పోవు మన బాటపై అట్టి మీట లేదని వానికి మోటారు సైకిలు తాళమిచ్చునప్పుడెల్ల చెప్పుచున్నాను.

నేను స్విచ్చి కట్టిన రాత్రి వాడు ఏడవ స్థానములో ఉండెనట. నడుమ విడిచిపోయినవానిగా లెక్కకెక్కి వాని స్థానము పడిపోయెను. వెనుక వచ్చుచుండినవాడు తన ముందటి కారు ఏమైనదో తెలియక తడబడియుండును. వాడెవడో, ఏ యూరివాడో, క్షమాపణ చెప్పుకొనుటకైనను దారి లేదు.

ఇప్పుడు మా యింట గోడ క్యాలెండరుపై పందెపు వేళ వ్రాయబడియుండును. ఆ యరగంట ఎవరును పిలువరు. కరెంటు పోయినను నిలుచునట్లు ఒక బ్యాటరీ పెట్టె కొంటిమి. పందెము ముగిసినంతనే వాడు తనంతట తానే వచ్చి కూర్చుండవలెను. మొన్నటి ఆదివారము ఇరువదవవాడుగా బయలుదేరి పదునాలుగవవాడుగా వచ్చెను. మచ్చ ఒక్కటియు లేదు. అన్నము మూతపెట్టియే యుండెను.